మొదటిసారి ఆటోక్రాస్‌కు దిగేవాళ్లకు: ఉన్న బండితోనే, సరైన జాగలో

ఆటోక్రాస్ అంటే కోన్ల మధ్య ఒక్కో బండి గడియారంతో పోటీ పడే ఆట. దాని గురించి మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోల్ స్విఫ్ట్ ఉంది, మాన్యువల్ గేర్లు. ఆటోక్రాస్ ఒకసారి చేసి చూడాలని ఉంది. ముందుగా ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, వెడల్పు టైర్లు మార్పించాలా? ప్రాక్టీసుకు రాత్రిపూట బైపాస్ ఖాళీగా ఉంటుంది, అక్కడ చేసుకోవచ్చా?"

రెండోదానికి ముందు జవాబు చెప్తాను. బైపాస్ మీద వద్దు, కొత్తగా వేసిన ఊరి రోడ్డు మీద వద్దు, వెంచర్లలో ప్లాట్ల మధ్య సీసీ రోడ్ల మీదా వద్దు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం పెట్టినా, వేగ పరీక్షలో పాల్గొన్నా నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం సంగతి అటుంచినా, మన దగ్గర రాత్రి రోడ్డు ఖాళీగా ఉందని ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ వస్తుంది. పాలమూరు వైపు అయితే గొర్ల మంద రోడ్డు దాటుతుంది. మీ బండి ఎంత దూరంలో ఆగుతుందో మీకు ఇంకా తెలియదు, దాన్ని నేర్చుకోవడానికే ప్రాక్టీసు. కాబట్టి అది తెలియని మనిషి జనం తిరిగే చోట నేర్చుకోకూడదు.

ఇంకొక మాట. మన మామూలు కారు బీమా పాలసీ తీసి చదవండి. వాడకం పరిమితులు అనే చోట వ్యవస్థీకృత పందేలు, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్‌కు పాలసీ వర్తించదని రాసి ఉంటుంది. ఈవెంట్లో కోన్ తగిలి బంపర్ గీసుకుపోయినా, బండి బోల్తా కొట్టినా ఖర్చు మీదే. పందెం రోజు బండికి ఏమైనా భరించగలిగితేనే దిగాలి. ఇంకా ఈఎంఐ నడుస్తున్న బండి అయితే ఇంట్లో ముందే చెప్పి దిగండి.

ఇక మొదటి ప్రశ్న. ఫిల్టరు, సైలెన్సరు, వెడల్పు టైర్లు, ఏవీ వద్దు. ఎందుకు వద్దో అర్థం కావాలంటే ముందు ఆట ఏమిటో తెలియాలి.

ఆటోక్రాస్‌లో పక్క బండిని దాటడం ఉండదు. కోన్లతో గీసిన చిన్న దారిలో ఒక్కో బండి విడిగా పరుగు తీస్తుంది, గడియారమే ప్రత్యర్థి. (యూరప్‌లో ఇదే పేరుతో మట్టి ట్రాక్ మీద చాలా బండ్లు ఒకేసారి పరుగెత్తే పోటీ వేరే ఉంది, వీడియోలు చూసేటప్పుడు కలగాపులగం కావద్దు.) పరుగు మొత్తం సుమారు నిమిషం, అటూ ఇటూ. స్విఫ్ట్ లాంటి బండికి దాదాపు అంతా రెండో గేరే. ఒక కోన్ పడగొడితే నిర్ణీత సెకన్లు కలుపుతారు, ఒక గేటు (మధ్య నుంచి పోవాల్సిన కోన్ల జత) తప్పితే ఆ పరుగే లెక్కలోకి రాదు. అమెరికాలో ఇలాంటి పోటీలు నడిపే స్పోర్ట్స్ కార్ క్లబ్ (ఎస్‌సీసీఏ) నియమాల ప్రకారం కోన్‌కు 2 సెకన్లు. మన దగ్గర ప్రతి ఈవెంటుకూ విడిగా సప్లిమెంటరీ రెగ్యులేషన్స్, అంటే ఆ ఈవెంటు నియమాలు, ఇస్తారు, ఆ కాగితంలో ఏముంటే అదే. అందులో పెనాల్టీల పేరా మొదట చదవండి. నిమిషం పరుగులో రెండు సెకన్లు పోవడమంటే ఎంతో మంచి సైలెన్సర్ కూడా పూడ్చలేని గండి.

మన దేశంలో ఆటోక్రాస్ చాలావరకు మట్టి మీద, మొరం మీద జరుగుతుంది. తారు మీదా, కాంక్రీటు మీదా పెట్టేవీ ఉన్నాయి, వాటిని టైమ్ అటాక్ అనో, జింఖానా అనో పిలవడం కద్దు. మొదటిసారికి గట్టి నేల మీద జరిగేది ఎంచుకోండి. మట్టిలో పట్టు ప్రతి పరుగుకూ మారుతుంది, మొదటి బండికి ఉన్న దారి పదో బండికి ఉండదు. మీ తప్పు ఏదో, నేల తప్పు ఏదో విడదీసుకోలేరు. పైగా చెల్క నేల ఎర్ర దుమ్ము ఒక రకం, నల్ల రేగడి ఇంకో రకం. రేగడి ఎండాకాలం పగుళ్లిచ్చి చక్రాన్ని పట్టేస్తుంది, నాలుగు చినుకులు పడితే టైరు గాడులు నిండిపోయి నున్నటి చక్రం అవుతుంది.

ఎంట్రీ కట్టేముందు అడగాల్సినవి అడగండి. మోటార్ స్పోర్ట్స్‌కు జాతీయ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ, చెన్నై కేంద్రంగా పనిచేస్తుంది. ఈవెంటుకు దాని పర్మిట్ ఉందా? లేకపోతే ఏ అనుమతితో నడుపుతున్నారు? పోటీ లైసెన్స్ కావాలా, ఒకరోజు లైసెన్స్ అక్కడే ఇస్తారా? అంబులెన్స్ ఉంటుందా, మంటలార్పే సిలిండర్లు ఎక్కడెక్కడ పెడతారు? చూసేవాళ్లను ఎక్కడ నిలబెడతారు? ఈ చివరి ప్రశ్న అన్నింటికంటే ముఖ్యం. మలుపు బయటి వైపు, బండి జారితే పోయే దిక్కులో జనం నిలబడి ఉంటే, ఎంట్రీ డబ్బు పోయినా సరే బండి దింపొద్దు. ఊరి పక్క పొలంలో పండుగ కలెక్షన్‌తో పెట్టే పోటీల్లో ఈ ఒక్క విషయంలోనే ప్రాణాలు పోతాయి. కోర్సు, అంటే కోన్లతో గీసిన దారి, గట్టి వస్తువులకు ఎంత దూరం ఉందో కూడా చూడండి. ఎస్‌సీసీఏ నియమాల్లో కనీసం 25 అడుగులు, గేటు వెడల్పు 15 అడుగులు, స్లాలమ్ (వరుస కోన్ల మధ్య పాములా అటూ ఇటూ తిరగడం) కోన్ల మధ్య 45 అడుగులు. మన దగ్గర ఇవే అంకెలు ఉండాలని లేదు కానీ, స్తంభం పక్క నుంచి గేటు పెట్టినవాళ్లకు కోర్సు వేయడం రాదని తెలుసుకోవడానికి ఇవి చాలు.

బండి విషయానికొద్దాం. డబ్బు పెట్టాల్సింది నాలుగింటి మీదే: బ్రేకులు, టైర్లు, స్టీరింగు సస్పెన్షన్ జాయింట్లు, బ్యాటరీ క్లాంపు.

సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో మీకు తెలియదు, కనుక మార్చేయండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినదానికి ప్రమాణంలో ఇచ్చిన కనీస హద్దు 155 డిగ్రీలు. డాట్ 3కి అయితే 205, తేమ పట్టాక 140. ఒక్క నిమిషం పరుగులో మరిగే ప్రమాదం తక్కువే, కానీ ఒకే బండిని ఇద్దరు దోస్తులు పంచుకుని వెంట వెంట నడిపితే నాలుగైదు పరుగుల్లో పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. అలా అయితే బండి ఆపి చల్లారనివ్వాలి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా, గేరులో పెట్టి, చక్రాలకు దిమ్మెలు పెట్టి. వేడెక్కిన బ్రేకుల మీద హ్యాండ్‌బ్రేక్ బిగిస్తే పట్టేసుకునే ప్రమాదం ఉంది. ముందు ప్యాడ్లు సగానికి దిగి ఉంటే మార్పించండి, అదే కంపెనీ రకం చాలు.

ముందు చక్రాలు జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. లూజు ఉంటే బేరింగో, కింది బాల్ జాయింటో. ఎడమా కుడీ పట్టి ఊపితే లూజు ఉంటే టై రాడ్ ఎండ్. డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు వేలితో విప్పి చూడండి, పగిలి గ్రీజు చక్రం లోపలి వైపు చిమ్మి ఉంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటక శబ్దం వస్తుంది. ఆ జాయింట్ ఆటోక్రాస్‌లో మొదటి రోజే పోతుంది. స్క్రూటినీలో (పోటీకి ముందు జరిగే బండి తనిఖీలో) కూడా ఇవే చూస్తారు, అక్కడ తిప్పి పంపేలోపు మన మెకానిక్ దగ్గరే చూసుకుంటే దారి ఖర్చు మిగులుతుంది. బ్యాటరీని చేత్తో ఊపండి, కదిలిందంటే క్లాంపు బిగించాలి లేదా కొత్తది వేయాలి. మలుపులో బ్యాటరీ ఒరిగి టెర్మినల్ బానెట్‌కు తగిలితే నిప్పురవ్వలు వస్తాయి.

సీఎన్‌జీ కిట్ ఉన్న బండి అయితే ఆ బండిని పందేనికి పెట్టకండి. సిలిండర్ బరువు వెనకాల కూర్చుని వెనక చక్రాలను లాగుతుంది, దాని బిగింపులు ఇలాంటి కుదుపుల కోసం చేసినవి కావు.

వద్దన్న వాటికి కారణాలు చెప్పాలి కదా. ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ మన ఎర్ర దుమ్ములో ఇంజన్‌లోకి ఇసుకను పంపిస్తుంది. సైలెన్సర్ శబ్దమే తెస్తుంది, రోడ్డు మీద చలానా కూడా. స్ప్రింగులు కోయించి బండి దించితే సస్పెన్షన్ కొట్టుకుని చక్రం నేలను వదిలేస్తుంది, ఆ క్షణంలో పట్టు సున్నా. చక్రాలను బయటికి జరిపే స్పేసర్లు బేరింగులను తింటాయి. వెడల్పు టైర్లు వేస్తే పట్టు పెరుగుతుంది, ఆ పట్టు మీ తప్పులను కప్పేస్తుంది. మామూలు సన్నటి టైరు చిన్న తప్పుకే కీచుమంటుంది, ఆ కీచే మీకు గురువు.

అయితే టైర్లు బాగుండాలి. పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ చూడండి: 2319 అంటే 2019 సంవత్సరం 23వ వారం. ఆరేళ్లు దాటినది, ఉబ్బు ఉన్నది, రీట్రెడ్ చేసినది వాడొద్దు. గాలి ఒత్తిడి దగ్గరే చాలామంది పొరపడతారు. తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసిన ఒత్తిడి సౌకర్యంగా ప్రయాణించడానికి. ఆటోక్రాస్ మలుపులో ముందు టైరు పక్క గోడ మీదికి ఒరిగిపోతుంది, అంటే గాడి ఉన్న భాగం నేల నుంచి లేచి అంచు మీద నడుస్తుంది. అందుకే గట్టి నేల మీద, ముందు చక్రాలే లాగే స్విఫ్ట్ లాంటి బండికి ముందు టైర్లలో స్టిక్కర్ కంటే 5 లేదా 6 పీఎస్‌ఐ ఎక్కువతో మొదలు పెట్టండి, వెనక 2 లేదా 3 ఎక్కువ. టైరు మీద రాసి ఉన్న గరిష్ఠ ఒత్తిడిని దాటొద్దు.

ఆ తర్వాత అంచనా వద్దు, సుద్ద ముక్కతో తేల్చుకోవచ్చు. బడిపిల్లల సుద్దే చాలు. ముందు టైరు భుజం మీద, గాడి భాగం నుంచి పక్క గోడ దాకా అడ్డంగా, చుట్టూ మూడు చోట్ల గీత గీయండి. టైరు భుజం దగ్గర చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది, మొదట ఒక గీత దాని మీదుగా పోయేలా చూసుకోండి. ఒక పరుగు తీసి వచ్చాక వంగి చూడండి. సుద్ద త్రిభుజం కొసదాకా చెరిగితే ఒత్తిడి సరిగ్గా ఉంది. త్రిభుజం దాటి పక్క గోడ మీద కూడా చెరిగితే టైరు ఒరుగుతోంది, 2 పీఎస్‌ఐ పెంచండి. గాడి అంచు మీద కూడా సుద్ద మిగిలిందంటే ఎక్కువ గాలి ఉంది, 2 తగ్గించండి. టైరు వేడెక్కినప్పుడు ఒత్తిడి 3, 4 పీఎస్‌ఐ పెరగడం మామూలే, అందుకే ప్రతి పరుగు తర్వాత అదే గేజ్‌తో, అదే వేడిలో కొలవాలి. పెట్రోల్ బంకు గేజ్‌లు ఒకదానికొకటి సరిపోవు, సొంత గేజ్ కొనుక్కోండి. ఈ ఆటకు మీరు కొనే మొదటి వస్తువు అదే అయితే బాగుంటుంది.

మట్టి మీదికి పోతే ఇదే సూత్రం పెట్టొద్దు. అక్కడ స్టిక్కర్ ఒత్తిడికి దగ్గరగా ఉంచండి. మరీ తగ్గిస్తే పక్కకు జారేటప్పుడు టైరు రిమ్ నుంచి ఊడుతుంది.

ప్రాక్టీసుకు జాగ ఎక్కడ? మన నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో రైస్ మిల్లులకు వడ్లు ఆరబెట్టే గచ్చు కల్లాలున్నాయి, కాటన్ జిన్నింగ్ మిల్లుల యార్డులున్నాయి. మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు ఖాళీ గోదాముల ఆవరణలు దొరుకుతాయి. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, గేటు మూసి ఉండాలి, లోపల పిల్లలు కానీ, హమాలీలు కానీ తిరగకూడదు. వానాకాలం పంట, యాసంగి పంట వచ్చే నెలల్లో ఎలాగూ కల్లం ఖాళీ ఉండదు. ఖాళీ అయ్యాక కూడా ముందు ఊడ్చండి: గచ్చు మీద మిగిలిన వడ్ల గింజలు, ఊక చక్రం కింద గుండ్రంగా దొర్లుతాయి, బ్రేకు పట్టదు.

స్లాలమ్‌కు ఎంత చోటు కావాలో లెక్క వేద్దాం. 5 కోన్లు 18 మీటర్ల ఎడంలో పెడితే మొదటి కోన్ నుంచి చివరిదాకా 72 మీటర్లు. ముందు 25 మీటర్లు పరుగు, చివర 30 మీటర్లు ఆగడానికి. మొత్తం 127 మీటర్లు. వెడల్పు 30 మీటర్లు అనుకుంటే దాదాపు 38 గుంటలు, అంటే ఎకరానికి కొంచెం తక్కువ. అంత దొరక్కపోతే మూడు కోన్లతో కానివ్వండి. కోన్లకు రాళ్లు, ఇటుకలు పెట్టొద్దు. ఖాళీ పెయింట్ ప్లాస్టిక్ డబ్బాలు బోర్లించి పెట్టినా చాలు, తగిలితే ఎగిరిపోవాలి, అంతే.

నాలుగు కసరత్తులు చేయండి, అన్నీ ఒకే రోజు కాదు.

మొదటిది బ్రేకు. 40 మీటర్లు పరుగు, అక్కడ ఒక జత డబ్బాలు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి సరిగ్గా ఆ జత దగ్గర గట్టిగా బ్రేకు తొక్కి ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టండి. గట్టి పొడి నేల మీద మంచి టైర్లతో దాదాపు 8 మీటర్లలో ఆగాలి. తర్వాత 50, తర్వాత 60. 60కి 18 మీటర్లు పడుతుంది. వేగం సగమే పెరిగింది, దూరం రెండింతలు దాటింది, ఎందుకంటే ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వదులు మొరం మీద అదే 60కి 30 మీటర్లు దాటవచ్చు. ఈ అంకెలు చదివితే ఎక్కవు, బండి ఆగిన చోట సుద్దతో గీసి అడుగులు కొలిస్తే ఎక్కుతాయి. ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసేది) ఉంటే పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. భయపడి వదలకండి, అదుముతూనే ఉండాలి. వదులు మట్టిలో మాత్రం ఏబీఎస్ దూరాన్ని పెంచుతుంది, చక్రం లాక్ అయితే ముందు మట్టి కుప్పగా పేరుకుని ఆపేది, ఏబీఎస్ ఆ కుప్పను పేరుకోనివ్వదు.

రెండోది గుండ్రం. మధ్యలో డబ్బా పెట్టి, దాని చుట్టూ 12 మీటర్ల దూరంలో రెండో గేరులో తిరగండి. 35 దగ్గరకు వచ్చేసరికి ముందు చక్రాలు కీచుమని బండి బయటికి పోవడం మొదలుపెడుతుంది. ఇదే అండర్‌స్టీర్. ఇక్కడ చేయి చేసే తప్పు ఒక్కటే: ఇంకా తిప్పడం. ఎంత తిప్పితే ముందు టైరు అంత అడ్డంగా నేలను గీస్తుంది, పట్టు ఇంకా పోతుంది. యాక్సిలరేటర్ కొద్దిగా, మెల్లగా తగ్గించి, స్టీరింగ్‌ను కొంచెం వెనక్కి తేవాలి, పట్టు తిరిగి దొరుకుతుంది. ఒక్కసారిగా కాలు ఎత్తేయకండి. బరువు ముందుకు దూకి వెనక భాగం బయటికి తన్నుకొస్తుంది. ఖాళీ కల్లంలో అది కూడా ఒకసారి చూసి గుర్తుపెట్టుకోవడం మంచిదే.

మూడోది స్లాలమ్. 45 వేగంలో 18 మీటర్ల ఎడం ఒకటిన్నర సెకను కూడా కాదు. కోన్ పక్కకు వచ్చాక తిప్పితే ఆలస్యమే, తర్వాతి కోన్‌కు ఇంకా ఆలస్యం, నాలుగో కోన్ కూలుతుంది. బండి మధ్యభాగం కోన్ దాటకముందే తర్వాతి వైపుకు చేతులు మొదలుపెట్టాలి. స్లాలమ్‌లో కూలే కోన్ సాధారణంగా మూడోదో నాలుగోదో, తప్పు మాత్రం మొదటి కోన్ దగ్గర జరిగి ఉంటుంది. మొదటి కోన్‌ను మెల్లగా, దగ్గరగా తీసుకుంటే మిగతావి వాటంతట అవే దొరుకుతాయి.

నాలుగోది చేతుల సంగతి. సీటుకు భుజాలు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగం మీద ఆనాలి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు ఇంకా కొద్దిగా వంగి ఉండాలి. చేతులు 9, 3 దగ్గర. సీటును కొంచెం వెనక్కి జరిపి, బెల్టు ఒక్క గుంజు గుంజి లాక్ చేసి, సీటు ముందుకు తెచ్చుకుంటే ఒంటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. వదులు బెల్టుతో మలుపులో మనిషి ఒరుగుతాడు, ఒరిగినవాడు స్టీరింగ్‌ను ఆసరాగా పట్టుకుంటాడు, అప్పుడిక టైరు చెప్పే మాట చేతికి అందదు.

ఇక ఈవెంటు రోజు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది, అలాంటి నెలల్లో మొదటిసారి పోకండి. చలికాలం మంచిది. నల్లగొండ నుంచి అయినా, మహబూబ్‌నగర్ నుంచి అయినా హైదరాబాద్ చుట్టుపక్కలికి సుమారు వంద కిలోమీటర్లే, అదే బండి మీద పోయి అదే బండి మీద రావచ్చు. తెల్లవారుజామున బయల్దేరండి. డ్రైవింగ్ లైసెన్స్, ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ అసలువి. సంచిలో గేజ్, సుద్ద, కాలి పంపు, చక్రం పానా, ఇన్సులేషన్ టేపు, నీళ్లు, ఓఆర్‌ఎస్, టోపీ. నూలు చొక్కా, ఫుల్ ప్యాంటు, పలుచటి అడుగు ఉన్న లేసు బూట్లు. చెప్పులతో ఎవరూ దింపరు. హెల్మెట్ ఏ ప్రమాణానిదో రెగ్యులేషన్స్‌లో ఉంటుంది, ముందే చూసుకోండి. బైకు హెల్మెట్ అన్ని ఈవెంట్లలో ఒప్పుకోరు.

చేరగానే బండి ఖాళీ చేయండి. స్టెప్నీ, జాకీ, డిక్కీలో సామాను, వీల్ కవర్లు, డ్యాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ, డ్రైవర్ వైపు ఫ్లోర్ మ్యాట్, అన్నీ దింపాలి. సీటు కింద చేయి పెట్టి చూడండి. అక్కడ దొర్లుతున్న ఒక నీళ్ల సీసా బ్రేకు వేసినప్పుడు పెడల్ కిందికి వస్తుంది. ట్యాంకులో పావు కంటే కొంచెం ఎక్కువ పెట్రోల్ చాలు, మరీ తక్కువైతే పొడవాటి మలుపులో ఇంజన్‌కు పెట్రోల్ అందక దగ్గుతుంది. ముందు టోయింగ్ హుక్ బిగించి ఉంచండి. చక్రం నట్లు మాన్యువల్‌లో ఉన్న బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించి, రెండు పరుగుల తర్వాత మళ్లీ చూడండి.

తర్వాత కోర్సు నడక. దీనికి మించిన పని ఆ రోజు లేదు. కొత్తవాళ్లు పోగొట్టుకునేది వేగం కాదు, దారి. నిలబడి చూస్తే స్పష్టంగా కనిపించే కోన్లు సీట్లో కూర్చుంటే మిర్చి యార్డులో బస్తాల వరుసల్లా కలిసిపోతాయి. మొదటి నడకలో దారి మాత్రమే చూడండి, ఎన్ని గేట్లు, ఏ పక్క. రెండో నడకలో ప్రతి మలుపు దగ్గరా గొంతుకూర్చుని డ్రైవర్ కంటి ఎత్తు నుంచి చూడండి, ఎక్కడ కంకర ఉంది, ఎక్కడ వాలు ఉంది, గచ్చు ఎక్కడ అతుకు పెట్టారు. మూడో నడక ఒంటరిగా. కబుర్లు చెప్పే దోస్తు పక్కన ఉండొద్దు. ఇప్పుడు కోన్లను కాకుండా కదలని గుర్తులను పట్టుకోండి: ఫలానా మలుపు తర్వాత కరెంటు స్తంభం ఎదురు రావాలి, చివరి గేటు వేపచెట్టు దిక్కు ఉండాలి. ఆ తర్వాత బండిలో కూర్చుని కళ్లు మూసుకుని మొత్తం పరుగు చేతులతో తిప్పి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీకు దారి తెలియదు, పోయి మళ్లీ నడవండి.

నడకలోనే ప్రతి మలుపుకూ ఒక ప్రశ్న వేసుకోవాలి: దీని తర్వాత పొడవాటి నేరు దారి ఉందా? ఉంటే ఆ మలుపు నుంచి బయటపడే వేగమే ముఖ్యం, లోపలికి పోయే వేగం కాదు. ముందే బ్రేకు వేసి, వెడల్పు నుంచి ఆలస్యంగా తిరిగి, బండి నేరుగా అవుతుండగా యాక్సిలరేటర్ ఇవ్వండి. దారి వెడల్పంతా వాడుకుంటే ఎంత లాభమో అంకెల్లో చెప్తాను. గట్టి నేల మీద 10 మీటర్ల వ్యాసార్థంలో తిరిగితే పట్టు హద్దు గంటకు సుమారు 32 కిలోమీటర్లు. అదే మలుపును అంచు నుంచి అంచుకు వాడుకుని 15 మీటర్లు చేసుకుంటే 39. బండికి ఒక్క రూపాయి పెట్టకుండా వచ్చిన వేగం అది.

మొదటి పరుగు నిదానంగా. దారి తప్పకుండా, ఒక్క కోన్ కూలకుండా ముగించడమే పని. ఈఎస్‌పీ (బండి జారుడును తనంతట తానే అదుపు చేసేది) ఉన్న బండి అయితే మొదటి పరుగుకు ఆన్‌లోనే ఉంచండి. స్టార్టు దగ్గర ఇంజన్‌ను గర్జింపజేయకండి, 2,000 చుట్టుపక్కల ఆర్‌పీఎంలో క్లచ్ వదిలితే చాలు, చక్రం గిర్రున తిరిగితే సమయం పోయినట్టే. చాలా చోట్ల టైమింగ్ బీమ్ స్టార్టుకు కొద్ది అడుగుల ముందు ఉంటుంది, బండి దాన్ని తెంపినప్పుడే గడియారం మొదలవుతుంది కాబట్టి జెండా ఊపగానే దూకాల్సిన పని లేదు. రెండో గేరు పడ్డాక ఇక గేరు గురించి మరచిపోండి. హ్యాండ్‌బ్రేక్ జోలికి పోకండి. చూపు ఎప్పుడూ ఎదుటి కోన్ మీద కాకుండా దాని తర్వాతిదాని మీద. కోన్‌ను చూస్తూ పోతే కోన్ మీదికే పోతారు. ఎర్ర జెండా కనిపిస్తే అక్కడికక్కడే ఆగాలి, ఆ పరుగు మళ్లీ ఇస్తారు. కొన్ని ఈవెంట్లలో ఫినిష్ ఒక బాక్సు, చక్రాలు దాని గీతల మధ్య ఆగాలి. బాక్సు దాటితే పెనాల్టీ, అందుకే కల్లంలో చేసిన బ్రేకు కసరత్తు ఇక్కడ తిరిగి పనికొస్తుంది.

రెండో పరుగు నుంచి ఒక్కసారికి ఒక్కటే మార్చండి. గాలి ఒత్తిడి, దారి, బ్రేకు చోటు మూడూ కలిపి మార్చితే సమయం ఎందుకు తగ్గిందో, ఎందుకు పెరిగిందో తెలియదు. చిన్న పుస్తకంలో పరుగు సంఖ్య, ముందు వెనక ఒత్తిడి, సమయం, కోన్లు, ఎక్కడ చేతులు తొందరపడ్డాయో రాసుకోండి. మామూలుగా కొత్తవాళ్లకు సమయం పోయేది మలుపులోకి అతివేగంగా దూసుకుపోయిన చోట. బండి అక్కడ అరుస్తుంది కాబట్టి వేగంగా పోతున్నామనిపిస్తుంది, టైర్లు కీచుమంటూ మలుపు బయటికి జారినంతసేపూ గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. అనుభవమున్నవాళ్లు పక్కన కూర్చోవడానికి రెగ్యులేషన్స్ ఒప్పుకుంటే ఒకరిని అడగండి, ఈ ఆటలో అలా అడిగితే కాదనేవాళ్లు అరుదు.

పరుగుల మధ్య బానెట్ ఎత్తి ఉంచండి, స్టీరింగ్ బరువెక్కితే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ వేడెక్కిందని అర్థం, పది నిమిషాలు ఆగితే సర్దుకుంటుంది.

ముగిశాక హైవే ఎక్కేలోపు పనులు ఉన్నాయి. టైర్లలో పెంచిన గాలిని స్టిక్కర్ ఒత్తిడికి దించండి. నట్లు మళ్లీ బిగించండి. స్టెప్నీ, జాకీ తిరిగి లోపల పెట్టండి. మట్టి మీద జరిగిన ఈవెంటు అయితే రిమ్ లోపలి వైపు చూడండి, పేరుకున్న బురద ఎండిపోతే 80 వేగంలో స్టీరింగ్ వణుకుతుంది, చాలామంది అలైన్‌మెంట్ పోయిందని భయపడి షాపుకు పోతారు. ఒక పుల్లతో గీకి నీళ్లు కొడితే పోతుంది. ఇంటికొచ్చాక ఎయిర్ ఫిల్టర్ తీసి దుమ్ము దులపండి, ప్యాడ్ల మందం చూడండి, డ్రైవ్ షాఫ్ట్ బూట్లు, ఇంజన్ మౌంట్లు ఒకసారి కింద నుంచి చూడమని మెకానిక్‌కు చెప్పండి. ముందు టైర్లలో ఒకటి రెండోదానికంటే ఎక్కువ అరిగి ఉంటే ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చవచ్చు, గాడి దిశ గుర్తు బాణం లేకపోతేనే.

మూడు నాలుగు ఈవెంట్లు అయ్యాక కూడా మీ సమయం ఆగిపోయి, అదే క్లాసులో అదే రకం బండి నడిపేవాళ్లు మీకంటే ఒక్క సెకను లోపే ముందుంటే, అప్పుడు టైర్ల గురించి ఆలోచించండి. వాళ్లు మూడు సెకన్లు ముందుంటే ఆ డబ్బు ఇంకో రెండు ఈవెంట్ల ఎంట్రీకి పెట్టండి.